ఒకే గిన్నెలోది తిన్న ఇద్దరి రక్తం

మా ఆవిడకు తిన్న తరువాత కడుపు ఉబ్బరం మొదలై అప్పటికి ఏడాది దాటింది. పరవాడలో మందుల కంపెనీలో పనిచేసే మా అమ్మాయి, ఏ తిండి పడటం లేదో రక్తం చూసి చెప్పే పరీక్ష ఒకటి ఉందని, ఇంటికే మనిషిని పిలిపించి నమూనా ఇప్పించింది. ఫలితం రంగుల పుస్తకంలా వచ్చింది. ఎరుపులో ఉన్నవి మానాలి, ఆకుపచ్చలో ఉన్నవి తినవచ్చు. ఎరుపులో బియ్యం, చింతపండు, వేరుశనగ, కోడిగుడ్డు, సముద్రపు చేప. ఆకుపచ్చలో పాలు, అవకాడో, మేము ఎన్నడూ కళ్లజూడని ఆకుకూరలు.

మాది భీమునిపట్నం తీరాన వేట మీద బతికిన కుటుంబం. నేను చదువుకుని ఉక్కు కర్మాగారం ప్రయోగశాలలో చేరాను గాని, చేపల పులుసు లేకుండా మా ఇంట్లో వారం గడిచింది లేదు. అటువంటి ఇంట్లో ఆవిడ చేప మానేసింది, అన్నం మానేసింది. జొన్నరొట్టె సగం తిని వదిలేసేది. చేప లేని లోటు తీర్చాలని అమ్మాయి పాలు పెంచింది. మోకాళ్ల నొప్పులకని రాత్రి తాగే గ్లాసుకు తోడు పొద్దున మరొకటి. ఉబ్బరం ఎక్కువైంది. మనిషి చిక్కిపోయింది. రవికలు భుజాల మీద నిలవడం లేదు.

ఒకనాడు బావమరిది భీమిలి నుంచి కానాగంత చేపలు పట్టుకొచ్చాడు.

"ఏటి బావా, మా అప్పకి సేప పడదంటావేటి? రేపు ఉప్పుగాలి కూడా పీల్సొద్దంటారు!"

"ఆయన అనలేదురా, కాయితం అంది," అంది మా ఆవిడ తలెత్తకుండా. "ఆ సంచి బయటెట్టు. వాసనొత్తే తినాలనిపిత్తాది."

ఆ మాట నాకు ముల్లులా దిగింది.

ప్రయోగశాలలో మాకొక పద్ధతి ఉండేది. అనుమానం ఉన్న ఉక్కు ముక్కను ఎన్నడూ ఒంటరిగా పరీక్షించం. బాగున్నదని తెలిసిన ముక్కను కూడా అదే యంత్రంలో చూస్తాం. మంచి ముక్క సైతం చెడ్డదని వస్తే, లోపం పరీక్షలో ఉన్నట్టు. మా ఇంట్లో మంచి ముక్కను నేను. ఏది తిన్నా నాకు అరుగుతుంది. అదే సంస్థకు నా రక్తమూ ఇచ్చాను.

బియ్యం, చింతపండు, వేరుశనగ, గుడ్డు, చేప. అన్నీ ఎరుపే. రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి వరుసవరుసనా టిక్కు పెట్టుకుంటూ పోయాను. తేడాలు అక్కడక్కడా తప్ప లేవు. పెళ్లయిన నాటి నుంచి ఒకే గిన్నెలోది తిన్నవాళ్లం.

సంస్థకు ఫోను చేశాను.

"మీక్కూడా సెన్సిటివిటీ ఉంది సార్. మీకు తెలియట్లేదంతే," అంది అవతలి అమ్మాయి.

"తెలియని బాధకు అన్నం మానమంటావా తల్లీ?"

"డైట్ ప్యాకేజీ ఉంది సార్."

ఈ సంభాషణను ఉన్నదున్నట్టు రాసి, నా అభ్యంతరాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నేటికీ జవాబు లేదు.

ఫలితాలు తీసుకుని ఇద్దరం కడుపు డాక్టరు గారి దగ్గరకు వెళ్లాం. ఆ పరీక్షలో కనిపించేది చాలావరకు ఒంటికి అలవాటైన తిండి జాడేనని, అది పడదనడానికి రుజువు కాదని ఆయన చెప్పారు. ఉబ్బరం ఎప్పటి నుంచని అడిగారు.

"మోకాళ్లకి పాలు తాగమన్నకాడ్నుంచీ బాబూ," అంది మా ఆవిడ.

పాలలోని చక్కెర కొందరికి అరగదని, ఆ సంగతి ఈ పరీక్షకు అందదని చెప్పి, కొన్నాళ్లు పాలు ఆపమన్నారు. ఆపింది; ఉబ్బరం తగ్గింది. ఆయన చెప్పినట్టే మళ్లీ ఒక గ్లాసు తాగి చూసింది, తిరగబెట్టింది. ఫ్రిజ్‌కు అంటించిన ఎర్రజాబితాను అమ్మాయి తానే పీకేసింది.

మరుసటి ఆదివారం బావమరిది సంచితో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటప్పా, లోపలికి తేనా, బయటే ఉంచీనా?"

"మాటలాపి తలకాయలు తీసియ్యరా, పొయ్యి మీద పులుసు మరుగుతంది."

ఆ మధ్యాహ్నం ఆవిడ రెండోసారి అన్నం పెట్టుకుంది. నేను ఆ సంగతి రాసుకున్నాను.