పండ్లు కొరికే పిల్ల

మా చిన్నప్పుడు... ఆదివారం అంటే ఊరందరికీ సెలవు, నాకు మాత్రం ఆముదం.

పొద్దున్నే నాయనమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ముక్కు పట్టుకుని, గిన్నెలోది గొంతులో పోసేది. నా నేరం ఏమిటంటే రాత్రి నిద్రలో పండ్లు కొరకడం. కడుపులో పురుగులున్నాయట. పురుగులకు ఆముదం పడదట. నాకు పడుతుందా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు.

వరంగల్ చౌరస్తా దగ్గర మాది కిరాణం దుకాణం. ముందు దుకాణం, వెనుక ఇల్లు. బాపు దుకాణంలోనే పడుకునేవాడు. నడిమింట్లో చాప మీద అమ్మా, నేనూ. గుమ్మం అవతల వసారాలో మంచం మీద నాయనమ్మ. మంచం మీద ఉండేది మనిషే... చెవులు ఇల్లంతా తిరిగేవి.

రాత్రంతా ఇసుర్రాయి తిప్పినట్టే ఉందని పొద్దున పాలవాడికి కూడా చెప్పేది. పండ్లు కొరికే ఆడది ఇంటికి అచ్చిరాదని ఆమె నమ్మకం. మా గల్లీలో ఒక కోడలిని ఇదే కారణంతో పుట్టింటికి పంపేశారని కూడా చెప్పేది... మెచ్చుకుంటూ.

అమ్మ అన్నిటికీ "సరే అత్తమ్మా" అనేది. అమ్మ నోట నేను ఎక్కువగా విన్న మాట అదే.

తమాషా ఏమిటంటే, ఆ చప్పుడు నేను ఒక్కనాడూ వినలేదు. ఎట్లా వింటాను... వైద్యంలో భాగంగా రాత్రిళ్ళు నా చెవుల్లో నూనె దూది, గడ్డం కింద నుంచి నెత్తి దాకా బాపు పాత రుమాలు. అయినా చప్పుడు ఆగలేదంటే ముడి ఇంకా బిగించేవాళ్ళు.

నిద్రపోతే కదా కొరికేది, అసలు నిద్రే మానేద్దామనుకున్నాను. కళ్ళు తెరుచుకుని, చెవులు మూసుకుని, దవడ కట్టించుకుని, దూలాలు లెక్కపెడుతూ పడుకునేదాన్ని. తెల్లవారితే బడిలో నిద్ర. టీచరమ్మ ఇంటికి కబురు పంపింది. నాయనమ్మ దానికీ కారణం కనిపెట్టింది. ఆడపిల్లకు చదువెక్కువై తల వేడెక్కిందట.

"ఉగాది దాక చూస్త. తగ్గకపోతే బడి బంద్" అన్నది.

ఉగాది దాటితే ఏడో తరగతి పెద్దపరీక్ష. మా ఇంట్లో అక్కడి దాకా వచ్చిన ఆడపిల్లను నేనే. చేతులు కట్టేస్తే విప్పుకోవచ్చు... నిద్రలో చేసే తప్పును ఎట్లా మానుకోవాలి?

ఉగాది ముందరి ఆదివారం. ఆముదం పని అయిపోయి, ఒంట్లో ఓపిక లేక మధ్యాహ్నం చాప మీద పడి ఉన్నాను. చెవుల్లో దూది లేదు. కందిపప్పు చెరుగుతున్న అమ్మ, చాట పక్కన పెట్టి జర నడుం వాల్చింది. అంతలోనే నిద్రపోయింది.

కాసేపటికి చప్పుడు మొదలైంది. ఇసుర్రాయి తిప్పినట్టే.

ముందు నా నోట్లోనే వేలు పెట్టి చూసుకున్నాను. అన్నేళ్ళ అలవాటు మరి. నా పండ్లు కదలడం లేదు. అప్పుడు అమ్మ వైపు తిరిగాను. దవడ బిగుసుకుని, కణతలు ఎగిరెగిరి పడుతున్నాయి.

లేచి గుమ్మం దాకా పోయాను. ఒక్క మాట చెబితే చాలు, నా బడి నాకుంటుంది. కానీ పుట్టింటికి పంపిన ఆ కోడలు గుర్తొచ్చింది. పిల్ల కొరికితే పురుగులు. కోడలు కొరికితే ఏమంటారో నాకు తెలుసు. తిరిగొచ్చి పడుకున్నాను.

నాయనమ్మ మాత్రం ఊరుకుంటుందా... ఆ రాత్రి నా చాప తన మంచం పక్కన వేయించింది. సరిగ్గా వినాలని రుమాలు కూడా కట్టలేదు. నేనిక్కడ ఉండి, చప్పుడు నడిమింట్లోంచి వస్తే?

దూది తీసేసి, కావాలని పండ్లు కొరకడం మొదలుపెట్టాను. తెల్లవార్లూ. నోరు పుండయింది.

పొద్దున తీర్పు వచ్చింది... ఉగాది దాకా కూడా కాదు, ఈ రోజు నుంచే బడి బంద్.

అమ్మ నన్ను లోపలికి పిలిచి, దువ్వెన తీసుకుని జడ వేయడం మొదలుపెట్టింది. బడికి పోని పిల్లకు జడెందుకో నాకు అర్థం కాలేదు. చిక్కు తీస్తూ మెల్లగా అన్నది:

"రాత్రి నువ్వు పక్కన లేకపోతే నాకు కన్ను మూతపడలేదు బిడ్డా. అంతా విన్న. మెలకువతోనే కొరికినవు గద. ఎందుకు?"

అంటే ఆ రాత్రి ఇంట్లో ఉన్న చప్పుడంతా నాదే. ఎవరిని కాపాడాలని అన్ని పాట్లు పడ్డానో, ఆమె అసలు నిద్రే పోలేదు. వెనక్కి తిరిగి అమ్మ దవడ వైపు చూశాను. చాలాసేపు చూశాననుకుంటా. అమ్మ చెయ్యి నెమ్మదిగా తన దవడ మీదికి పోయింది.

జడ కొస ముడి వేసి, నన్ను చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకుపోయింది.

"పొల్ల బడికి పోతది అత్తమ్మా."

అంతే. కారణం చెప్పలేదు, గొంతు పెంచలేదు. నాయనమ్మ నెల రోజులు అమ్మతో మాట్లాడలేదు... ఆ ఇంట్లో కాపురానికి వచ్చాక అమ్మకు దొరికిన మొదటి విశ్రాంతి అదే. నేను పరీక్ష రాశాను. ఆ తర్వాత ఇంకా చాలా రాశాను. మళ్ళీ అమ్మ పక్కనే పడుకున్నాను. చప్పుడు వచ్చినప్పుడల్లా ఆమె చెంప మీద చెయ్యి వేసేదాన్ని, కాసేపు ఆగేది.

మొన్న మా మనవరాలు నిద్రలో పండ్లు కొరుకుతోందని డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. నోట్లో పెట్టుకునే తొడుగు ఇచ్చారు, గులాబీ రంగుది. బడిలో ఏమన్నా కష్టంగా ఉందా, ఎవరన్నా భయపెడుతున్నారా అని ఆ పిల్లను మెత్తగా అడిగారు. కాలం ఎంత మారిందో అనుకుంటూ విన్నాను. అంత చిన్న ప్రశ్న మా అమ్మను ఎవరూ అడగలేదు... అంతా తెలిసిన నేనూ అడగలేదు.

మీ ఇంట్లో పగలంతా సరే సరే అని, రాత్రి పండ్లు కొరికినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద రాయండి. వాళ్ళు ఇంకా బతికే ఉంటే మాత్రం... ముందు వెళ్ళి అడిగి, తర్వాత రాయండి.