మస్తానన్న పెట్టిన గ్రీజు

మొన్న ఎమ్మిగనూరులో మా ఆఫీసు సీలింగ్ ఫ్యాను కిర్రుకిర్రుమంటుంటే మెకానిక్‌ను పిలిపించారు. అతను నా బల్ల పక్కనే నిచ్చెన వేసి, సంచిలోంచి ఒక డబ్బా తీసి మూత తిప్పాడు. చిక్కటి గ్రీజు వాసన ముక్కుకు తగలగానే నా చేతిలో పని ఆగిపోయింది. “కొంచెమే పెట్టు బాబూ, దట్టించకు” అన్నాను. చేనేత సంఘంలో ఉత్తరాలు టైపు చేసుకునే మనిషికి గ్రీజు సంగతి ఎందుకన్నట్టు అతను నన్ను కిందికీ పైకీ చూశాడు. ఎందుకో చెప్పాలంటే ఒక పూట పడుతుంది. ఆ వాసనకు నాకు ఒళ్ళు మండుతుంది, వెంటనే చెప్పకుండా మిగిలిపోయిన ఒక మాట గుర్తొస్తుంది. రెండింటికీ కారణం ఒక్కడే, మస్తాన్ వలీ.

మా ఊరు ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులో ఆయన నలభై ఏళ్ళు ఫిట్టరుగా పనిచేశాడు. రిటైరయ్యాక మా వీధి చివర ఇంటి అరుగు మీద కూర్చుని ఫ్యాన్లు, మిక్సీలు, కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. నాకు స్కేటింగ్ నేర్పిన గురువు ఆయనే. ఆయన జన్మలో ఒక్కసారి కూడా స్కేట్లు కాలికి తొడిగి ఎరగడు. ఈ మాట ముందే చెప్పేస్తే నా అవస్థ మీకు సగం అర్థమవుతుంది.

ఆ స్కేట్లు నా కూతురివి, ఒకే వరుసలో నాలుగు చక్రాలుండే రకం. తొమ్మిదో తరగతిలో రెండు వారాలు మోజుపడి, మూడో వారానికి వాటిని మంచం కిందికి తోసేసి, ఆ పైన హాస్టలుకు వెళ్ళిపోయింది. ఇల్లు ఊడ్చినప్పుడల్లా చీపురుకు అడ్డం. ఒకరోజు విసుగెత్తి బయట పడేద్దామని తీసి, ఎందుకో కాలికి పెట్టి చూసుకున్నాను. సరిపోయాయి. మంచం పట్టుకుని లేచి నిలబడ్డాను. కాళ్ళు నా మాట వినకుండా ముందుకు జరిగాయి, నేను వెనక్కి పడ్డాను, పడి నవ్వాను. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. అన్నేళ్ళలో ఎవరూ చెప్పకుండా, ఎవరికీ అవసరం లేకుండా, నా కోసమే నేను చేసిన పని ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇది నేర్చుకుంటాను అనుకున్నాను. మా ఆయన మాత్రం “నడుం విరిగితే నన్ను పిలవొద్దు” అని పేపరు తిరగేశాడు.

చక్రాలు తిరగడం లేదని వాటిని గుడ్డసంచిలో దాచిపెట్టుకుని మస్తానన్న దగ్గరికి వెళ్ళాను. మా ఊళ్ళో పత్తి సీజనులో గాలి నిండా దూది నూగే. ఆ నూగు ఇరుసులకు దారంలా చుట్టుకుని చక్రాలు బిగుసుకుపోయాయి. ఆయన కొక్కెంతో నూగు లాగుతూ, మిల్లు మోతలో నలభై ఏళ్ళు బతికి చెవులు పోగొట్టుకున్న మనిషి కాబట్టి, వీధి వీధంతా దద్దరిల్లేలా అడిగాడు. “ఎవురివమ్మా ఇవి? పాపవా?”

“నావే అన్నా” అన్నాను. వినబడలేదు. మళ్ళీ చెప్పాను. నాలుగోసారికి నేనూ అరవాల్సి వచ్చింది. ఎదురింట్లో బియ్యం ఏరుకుంటున్న ఆమె చేట పక్కన పెట్టింది.

ఆయన మాత్రం నవ్వలేదు. డబ్బాలోంచి గ్రీజు తీసి పెట్టి, చక్రాన్ని వేలితో తిప్పి చూస్తూ, “నీకు నేర్పేటోళ్ళు ఎవురన్నా ఉండారా?” అన్నాడు. లేరని తల ఊపాను. “నేను నేర్పిస్తా. చక్రం తిరిగేదైతే నాకు తెల్వనిది ఏముంది?” కాదనడానికైనా మళ్ళీ అరవాలి కదా అని ఊరుకున్నాను. అదే నేను చేసిన మొదటి తప్పు.

ఆయన పనిచేసిన మిల్లు ముందు పత్తి కుప్పలు పోసే సిమెంటు నేల ఉంది. గేటు నుంచి షెడ్డు దాకా అద్దంలా నున్నగా ఉంటుంది. ఆదోనిలో అలాంటి నేల నాకు తెలిసి మరొకటి లేదు. ఎండాకాలం నుంచి దసరా దగ్గరపడేదాకా మిల్లు మూతే. వాచ్‌మన్‌తో మాట్లాడి ఆయనే అనుమతి తెచ్చాడు. కొత్త పత్తి వచ్చిందంటే ఆ నేల మీద కాలు పెట్టడానికి చోటుండదు. కాబట్టి గడువు తేలిపోయింది. పత్తి బండ్లు వచ్చేలోపు గేటు నుంచి షెడ్డు దాకా, ఏ ఆసరా లేకుండా, ఒక్క ఊపున వెళ్ళాలి. అంతకు మించి నేనేమీ కోరుకోలేదు. రోజూ పొద్దున ఎమ్మిగనూరు బస్సు ఎక్కేముందు ముప్పావుగంట నాకు పాఠం.

పాఠం అంటే ఏమనుకున్నారు? నా నడుముకు ఒక నూలు తాడు కట్టి, రెండో కొస ఆయన పట్టుకుని ముందు నడిచేవాడు. సంతకు తోలుకుపోయే గేదెలా నేను వెనక. మధ్యమధ్యలో తాడు వదిలేసి, నేల మీద గొంతుకూర్చుని, అరచెయ్యి సిమెంటుకు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. చెవులు పోయాక యంత్రం ఆరోగ్యాన్ని ఆయన చేత్తోనే కనిపెట్టేవాడట. నా ఆరోగ్యమూ అంతే. “కుడికాలు మీద బరువు ఎక్కువ పెడతాండావు. ఎడమకాలు సుట్టంలెక్క ఊరికే వస్తాంది” అని అరిచేవాడు. కాదని వాదించాలని ఉండేది. ఇంటికెళ్ళి చక్రాలు చూసుకుంటే కుడివే అరిగి ఉండేవి. అది ఇంకా చిరాకు.

ఎంత తోసినా ముందుకు పోయేదాన్ని కాదు. ఒక్కో అడుగూ బురదలో వేసినట్టుండేది. నా వయసులో సగం కూడా లేని పిల్లలు ఫోన్ వీడియోల్లో గాల్లో తేలినట్టు పోతుంటే, నేను పది అడుగులకే రొప్పుతూ ఆగేదాన్ని. తొడలు రాళ్ళయిపోయాయి. నాలో పస లేదని, వయసు దాటిపోయిందని రాత్రిళ్ళు ఏడుపొచ్చేది. ఆయనతో చెబితే, “తోయమ్మా, తోయి! ఇంజను కొత్తదాంట్లో బిగువుంటాది” అనేవాడు. నేను కొత్త ఇంజను కానని ఆయనకెవరు చెబుతారు?

వీటన్నిటినీ భరించాను కానీ, ఎమ్మిగనూరు బస్టాండు సంగతి భరించలేకపోయాను. సాయంత్రం ఆఫీసు నుంచి తోటి ఉద్యోగులతో కలిసి బస్సు కోసం నిలబడ్డాను. చెల్లెలి ఇంటికి వచ్చాడేమో, అవతలి ప్లాట్‌ఫాం మీంచి మస్తానన్న నన్ను చూశాడు. చూసి ఊరుకుంటే ఆయన మస్తానన్న ఎందుకవుతాడు? “విజయమ్మా! పొద్దున పడితివే, నడుము ఎట్లుండాది? వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుంటివా?” బస్టాండులో ఉన్నవాళ్ళంతా నా నడుము వంక చూశారు. నేను ఎక్కడ పడ్డానో, ఏ బూట్లు వేసుకుని పడ్డానో మా వాళ్ళు బస్సు ఎక్కేలోపే రాబట్టారు. ఆ తర్వాత నెల రోజులు నా కుర్చీకి చక్రాలున్నాయా అని ఆఫీసులో వంగి చూడనివాడు లేడు. ఇన్నాళ్ళు కాపాడుకున్న పరువు ఒక్క సాయంత్రంలో గంగలో కలిసింది.

ఇలా రెండు నెలలు దాటాక ఒక శనివారం రాత్రి వీడియో ఒకటి చూశాను. స్కేట్ల చక్రాల్లో ఉండే బేరింగులను ఎలా శుభ్రం చేయాలో ఒకమ్మాయి చూపిస్తోంది. ఒక్క చుక్క పల్చటి నూనె చాలట. గ్రీజు దట్టిస్తే చక్రం బిగుసుకుపోతుందట. నేను నా చక్రం విప్పాను. లోపల నల్లటి చిక్కటి గ్రీజు, పచ్చడి జాడీలో కూరినట్టు కూరి ఉంది. జిన్నింగ్ యంత్రాలకు పెట్టే గ్రీజు. దానికి దూది నూగు అంటుకుని ముద్దకట్టింది. పెట్రోలులో పదహారు బేరింగులూ కడిగి, ఆరబెట్టి, ఒక్కో చుక్క నూనె వేసి వేలితో తిప్పాను. చక్రం ఆగదే! తిరుగుతూనే ఉంది. దాన్ని చూస్తూ మంచం మీద కూర్చున్నాను. రెండు నెలలుగా నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి.

తెల్లారి మిల్లు దగ్గరికి వెళ్ళేసరికి సీజను దగ్గరపడిందని యంత్రాలు తుడవడానికి పనివాళ్ళు వచ్చి ఉన్నారు. పది పన్నెండు మంది ఉంటారు. అందరూ ఒకప్పుడు ఆయన చేతికింద పనిచేసినవాళ్ళే. నేనేమీ చూసుకోలేదు. చక్రం ఆయన ముఖం ముందు తిప్పి చూపించాను. “ఇంత గ్రీజు ఎవురు పెట్టమన్యారు నిన్ను? నీకేం తెలుసని నేర్పిస్తివి? ఒక్కనాడన్నా ఈ బూట్లు కాలికి తొడిగినావా? రెండు నెల్లు నన్ను గాడిదను చేస్తివి!” చెవిటి మనిషితో మాట్లాడుతున్నాను కాబట్టి నా గొంతు ఎంత పెరిగినా అడ్డు లేకపోయింది. తుడిచేవాళ్ళు గుడ్డలు ఆపి నిలబడ్డారు. ఆయనకు ప్రతి మాటా వినబడింది.

ఆయన చక్రం చేతిలోకి తీసుకున్నాడు. తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. “అవునమ్మా” అన్నాడు. “మిల్లులో లెక్కే అనుకున్యా. బరువు మోసేదానికి మందం గ్రీజే పెడతాం మేము. తప్పయిపాయ.” తాడు చుట్టుకుని, ఎవరి వంకా చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను ఒక్కదాన్నే వెళ్ళాను కానీ, అంత తేలిగ్గా తిరిగే చక్రాల మీద లేచి నిలబడాలంటేనే భయమేసింది. గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఇంటికి వచ్చేశాను. ఈలోగా ఆయన ఇంకో పని పెట్టుకున్నాడు. టీ బంకు దగ్గర, మసీదు బయట, కూరగాయల దగ్గర, కనబడిన ప్రతివాడికీ తన మామూలు గొంతుతోనే చెబుతున్నాడు. “ఆయమ్మ తప్పేం లేదప్పా! నేనే మందం గ్రీజు పెట్టినా. నలభై ఏండ్లు బేరింగులు సూసినోన్ని, ఇది తెల్సుకోలేకపోయినా!” వంకాయలమ్మే ఆమె నాకు తూకం వేస్తూ ఈ కథంతా చెప్పింది. నాకు మళ్ళీ చిరాకేసింది. తప్పు చేసినవాడు కాస్త సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటే, తిట్టినదానికి కాస్త నెమ్మది. ఈయన ఊరంతా చాటింపు వేసుకుంటే నేను తలెక్కడ పెట్టుకోవాలి?

పై ఆదివారం ఆయన ఇంటికి వెళ్ళాను. మర్నాటి నుంచి పత్తి బండ్లు వస్తాయని వాచ్‌మన్ చెప్పాడు. “రా అన్నా, రేపట్నుంచి నేల దొరకదు” అని అరిచాను. ఆయన పిలుపు కోసమే ఎదురుచూస్తున్నట్టు చెప్పులేసుకున్నాడు. మిల్లుకు వచ్చాక చూస్తే చేతులు ఖాళీ.

“తాడేదన్నా?”

“మా ఆడమనిషి దాని మీద బట్టలు ఆరేసింది. తడి బట్టలు తీస్తే ఊరుకుంటాదా?”

నిజంగా మరిచాడో, కావాలనే తేలేదో నేను అడగలేదు. గేటు వదిలాను. ఒక్క తోపుకే నేల నా కింద పరుగెత్తింది. రెండు నెలలు రాళ్ళు లాగినట్టు లాగిన కాళ్ళు కదా, అవి వణకలేదు. ఎడమ, కుడి, ఎడమ. చెవుల పక్కన గాలి. వెనక నుంచి ఆయన ఏదో అరుస్తున్నాడు, పనివాళ్ళు ఈలలు వేస్తున్నారు. షెడ్డు గోడ వచ్చేదాకా నేను ఎవరినీ పట్టుకోలేదు. గోడకు రెండు చేతులూ గుద్దుకుని ఆగాను. ఏడ్చాను, నవ్వాను.

ఆయన మోకాలు పట్టుకుంటూ నా దగ్గరికి నడిచి వచ్చాడు. “నీ గ్రీజే నా కాళ్ళు గట్టి చేసిందన్నా” అని అరిచాను. “అట్ల సెప్పొద్దమ్మా. తప్పును తప్పనే అనల్ల” అన్నాడు. అప్పుడు, పక్కన పనివాళ్ళు నిలబడి ఉండగా, నేను గొంతు తగ్గించి అన్నాను. “ఆ రోజు అందరి ముందర అట్ల అరిచినాను. నాదే తప్పన్నా.”

ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. “ఏమంటివమ్మా?”

అందరూ నా వంక చూస్తున్నారు. “నీళ్ళు కావాలన్నా” అన్నాను గట్టిగా.

ఆయన ఆ మోకాళ్ళతో గేటు దాకా తిరిగి నడిచి, కుండలోంచి నీళ్ళు ముంచుకుని, నూగు పడకుండా గ్లాసు మీద అరచెయ్యి మూసి తెచ్చాడు. నేను గటగటా తాగేశాను. “ఇంగా కావల్నా?” అన్నాడు. చాలన్నాను.

ఎండాకాలం రాగానే నేల ఖాళీ అవుతుంది, అప్పుడు ఎవరూ ఉండరు, నిదానంగా చెప్పొచ్చు అనుకున్నాను. చలికాలంలోనే ఒక పొద్దున ఆయన గుండె ఆగిపోయింది. వార్త తెలిసేసరికి నేను ఎమ్మిగనూరు బస్సులో ఉన్నాను. ఇప్పటికీ వేసవి పొద్దుల్లో ఆ నేల మీద తిరుగుతాను. ఆఫీసులో నా వల్ల పొరపాటు జరిగితే లేచి నిలబడి, అందరికీ వినబడేలా నాదేనని చెబుతాను. మావాళ్ళు దాన్ని నా పొగరంటారు. ఆయన దగ్గర అది నేర్చుకున్నాను, ఆయన దగ్గరే చేయలేకపోయాను. తిట్టడానికి అంత తేలిగ్గా లేచిన గొంతు, ఆ ఒక్క మాటకు ఎందుకు లేవలేదో నాకు ఇప్పటికీ తెలియదు.