మామకు రాని సగం పాట

మా మేనమామ పోయాడని పోయిన నెల ఒకరోజు పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. పట్టాభిరామ్‌లో మా ఇంట్లో నేను టిఫిన్ డబ్బాలు సర్దుతున్నాను. "పాపా, మీ మామ లేస్తా లేడు" అంది. నిద్రపోతున్నాడేమో అనుకుని, "లేపు అత్తా, ఎండొచ్చె గదా" అన్నాను. "కుర్చీలోనే ఉండాడు. కాఫీ తాగనే లేదు" అంది. అప్పుడు నాకు అర్థమైంది. డబ్బా మూత చేతిలో పట్టుకునే మా ఆయనను కేకేశాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాన్న వేరే ఊళ్ళో వేరే సంసారం పెట్టుకున్నాడు, ఆ ఊసు ఇక్కడ వద్దు. నన్ను పెంచింది మామ, అత్త. వాళ్ళకు పిల్లలు లేరు. కే.జీ.కండిగై పక్క పల్లెలో మాది నేతవాళ్ళ వీధి. మామ పదేళ్ళ వయసు నుంచీ మగ్గం గుంటలో కూర్చున్నవాడు. నేను పెద్దబడికి వచ్చేసరికి మగ్గం మానేసి, ఒక పాత కారు కొని తిరుత్తణికీ తిరువళ్ళూరుకీ మధ్య బాడుగకు తోలడం మొదలుపెట్టాడు. మగ్గం మానాడు గానీ నేతగాడి మొండితనం మానలేదు. ఏ పనైనా సగంలో వదిలేస్తానంటే ఒకటే మాట: "తెగిన పోగు దొరికేదాకా గుంటలోంచి లేయగూడదు పాపా." లెక్క తప్పినా అదే మాట, జడ చిక్కుపడినా అదే మాట. చిన్నప్పుడు నాకు ఆ పోగు మీద చాలా కోపంగా ఉండేది.

కారును ఆయన మనిషిలాగే చూసేవాడు. పొద్దున్నే బానెట్ ఎత్తి, "ఏం రా, నిద్ర పట్టిందా?" అని అడిగి నీళ్ళు పోసేవాడు. గట్టిగా అరిచే మనిషి కాదు. కోపమొస్తే తెలుగు వదిలి తమిళంలోకి మారేవాడు, అంతే. ఇంట్లో మామ తమిళం మాట్లాడుతున్నాడంటే అత్తా నేనూ మెల్లగా వంటింట్లోకి తప్పుకునేవాళ్ళం.

ఇక పాట సంగతి చెప్పాలి. పెళ్ళయి అత్తారింటికి పోయే పిల్లను సాగనంపుతూ పాడే అప్పగింత పాట మా వీధిలో మా అమ్మే పాడాలట. ఎవరింటి పెళ్ళైనా ఆమెను పిలవాల్సిందేనట. అలా ఒక పెళ్ళిలో ఆమె పాడుతుంటే ఎవరో టేప్ రికార్డర్‌లో పట్టారు. అమ్మ గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. అది మా ఇంట్లోనే బీరువాలో ఉండేది, కానీ నేను వినడానికి లేదు. పెళ్ళికాని పిల్ల ఉన్న ఇంట్లో అప్పగింత పాట వినిపించకూడదని మా వాళ్ళ పట్టింపు. అమ్మ ముఖానికి ఫోటో ఉంది. గొంతు మాత్రం నాకు బొత్తిగా గుర్తు లేదు. ఎనిమిదో తరగతిలో ఒకసారి ఆ క్యాసెట్ కోసం అన్నం మానేసి కూర్చున్నాను. మామ నా పక్కన కూర్చుని, "నీ పెండ్లి పొద్దు ఇందువులే పాపా. మీయమ్మే నిన్ను అప్పగిస్తాది. నాది పూచీ" అన్నాడు. ఆ మాట ఆయనా మరవలేదు, నేనూ మరవలేదు.

నాకు పట్టాభిరామ్ సంబంధం కుదిరిన వారానికే ఆయన క్యాసెట్ తీసుకుని తిరువళ్ళూరులో ఒక కంప్యూటర్ అంగడికి పోయాడు. అప్పటికి టేపులు పోయాయి, మామ కారులో ఉన్నది డిస్కులు పాడే స్టీరియో. పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించడం అయితే అయింది గానీ, ఆ పని ముగిసేసరికి ముసలి టేపు చుట్టుకుని ముక్కలైపోయింది. ఇక వెనక్కి పోయే దారి లేదు.

మీలో కొందరికి ఆ డిస్కుల కాలం గుర్తుండే ఉంటుంది. మొదటి డిస్కు అంగడి కంప్యూటర్‌లో వేసి చూస్తే మొదలు బ్రహ్మాండంగా పాడింది. కారులో పెడితే డిస్కే లేదంది స్టీరియో. మామ వెనక్కి పట్టుకుపోతే అంగడాయన, "ఇంగ పాడుదు. అంగ పాడలేన్నా నాన్ ఎన్న పణ్ణ ముడియుం?" అన్నాడట. ఇక్కడ పాడుతోంది, అక్కడ పాడకపోతే నేనేం చేసేది అని. స్టీరియో మెకానిక్కేమో, నా పెట్టెకేం రోగం, రోగమంతా డిస్కుదే అన్నాడు. ఆ వారం మామ ఇంట్లో కూడా తమిళమే మాట్లాడాడు.

రెండో డిస్కు మీద అమ్మ ఫోటో అచ్చేసిన కాగితం అంటించమన్నాడు. ఆ కాగితం మందానికి డిస్కు స్టీరియో నోట్లో ఇరుక్కుపోయింది. పెట్టె మొత్తం ఊడదీస్తే గానీ రాలేదు. మూడోది పాడింది, సగం దాకా. సగంలో ఒక మాట దగ్గర గొంతు పట్టేసినట్టు అదే ముక్క అంటూ అంటూ ఆగిపోయింది. నాలుగోదీ అక్కడే ఆగింది. అయిదోదీ అంతే. ఇంట్లో పాడించకూడదు గనక ఈ పరీక్షలన్నీ ఆయన రోడ్డు మీదే చేసేవాడు. ఆ రోజుల్లో మామ కారెక్కిన బాడుగ జనమంతా, ఆస్పత్రికి పోయేవాళ్ళతో సహా, సగం అప్పగింత విని దిగినవాళ్ళే.

"పోనీ, వీధిలో ఎవురినన్నా పాడమందాములే" అంది అత్త. మామ ఒప్పుకోలేదు. "ఎవురో పాడేదానికి నేను మాటిచ్చినానా? పోగు యాడనో తెగింది. దొరక్క యాడికి పోతాది."

ఆ తెగిన పోగును చివరికి పట్టిచ్చింది మా ఆయన, అంటే అప్పటికి కాబోయే ఆయన. చిన్న ఫ్యాక్టరీలో పని, మిషన్ల సంగతి కొంచెం తెలుసు. ఫోన్‌లో మామతో, "డిస్కు రాసేటప్పుడు ఉండేదాంట్లో తక్కువ స్పీడు పెట్టమను మామా. వేగంగా రాస్తే కంప్యూటర్ చదువుతాది, పాత స్టీరియో చదవలేదు" అన్నాడు. మామకు ఆ ఒక్క మాట చాలు. "అదీ! మగ్గాన్ని తరిమితే గుడ్డ పలచబడదా? ఇంత చిన్న మాట ఆ అంగడోడికి తెల్లేదే" అన్నాడు. అల్లుడి మీద ఆయనకు గురి కుదిరింది ఆ రోజే.

పెళ్ళికి ముందురోజు అంగడిలో పక్కనే నిలబడి ఆరో డిస్కు నెమ్మదిగా రాయించాడు. తిరిగి వస్తూ పాండూరు దగ్గర వేసి చూశాడట. పాట మొదలైంది, ఎప్పుడూ ఆగే మాట దగ్గరికి వచ్చింది, ఆగకుండా దాటింది. దాటిన వెంటనే ఆయన స్టీరియో ఆపేశాడు. ఇంటికొచ్చి అత్తతో, "గుంత దాటేసింది. తక్కిన సగం పాపే ముందు ఇనాల" అన్నాడు. అంత సంతోషంగా ఆయనను నేను చూడలేదు.

తిరుత్తణిలో పెళ్ళి జరిగింది. సాయంత్రం సాగనంపే వేళకు మామ కారును పూలతో సింగారించి ముందు నిలిపాడు. వెనక సీట్లో నేను, మా ఆయన, ఆయన మేనత్త. మామ జేబులోంచి డిస్కు తీసి, కళ్ళకద్దుకుని స్టీరియోలో పెట్టాడు. చిన్న చప్పుడైంది. తర్వాత డిస్కే లేదని అక్షరాలు వచ్చాయి. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే.

మా ఆయన ఆ డిస్కును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. మెరిసే వైపు గుండ్రంగా పసుపు బొట్టు, దాని మీద కుంకుమ.

"ఇదేంది మామా?"

"కొత్త వస్తువు గదప్పా. పొద్దున సామి కాడ పెట్టి బొట్టు పెట్టినా" అన్నాడు మామ. "అవతల పక్క మా అక్క పేరు రాసుండాది. పేరు మీద యట్ల పెట్టేది?"

మగ్గానికి, కారుకు, కత్తెరకు, పలకకు, దేనికైనా మొదటి రోజు బొట్టు పెట్టే చెయ్యి అది. డిస్కును చదివేది ఆ మెరిసే వైపే అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పట్టు కండువాతో తుడిచాడు, పసుపు ఇంకా పాకింది. నీళ్ళు పోసి కడిగాడు. స్టీరియో లోపల కూడా కుంకుమ చేరిందేమో, ఏం పెట్టినా ఉలకలేదు. మేనత్త, "పోనీలే అన్నా, ఏదన్నా సినిమా పాట పెట్టుకుందాము" అంది. నేను తల వంచుకుని కూర్చున్నాను. ఏడుపు కాదు, కోపం. ఇన్నేళ్ళు ఆగి, బొట్టు వల్ల పోగొట్టుకున్నానే అని.

మామ స్టీరియో కట్టేశాడు. కారు కదిలించాడు. ఊరు దాటాక, ఎవరినీ చూడకుండా, రోడ్డునే చూస్తూ పాడటం మొదలుపెట్టాడు.

అప్పగింత పాట ఆడవాళ్ళది. మగవాడు పాడగా మా వైపు ఎవరూ విని ఉండరు. మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు చరణాలయ్యేసరికి ఆ కొంగు కళ్ళ మీదికి పోయింది. సగం పాడిన మూడు డిస్కులను అన్ని వారాలు ఆడించిన మనిషికి అమ్మ ఎక్కడ సాగదీసిందో, ఎక్కడ ఊపిరి పీల్చిందో అన్నీ వచ్చేశాయి. అత్తారింట్లో ఎలా మెలగాలో చెప్పే మాటలు వరసగా పాడుకుంటూ వచ్చి, ఒక మాట దగ్గర చటుక్కున ఆగిపోయాడు.

"ఇంతే వచ్చు పాపా" అన్నాడు. "డిస్కులు ఈడికే పాడినాయి."

రెండు నెలల తర్వాత స్టీరియో బాగుచేయించి, డిస్కు మళ్ళీ నెమ్మదిగా రాయించి, చెప్పకుండా పట్టాభిరామ్ వచ్చాడు. సందులో కారు ఆపి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. అమ్మ పాడింది. నేను విన్న మొదటి క్షణం నాకు తోచింది చెబితే మీరు నవ్వుతారేమో. అమ్మ అచ్చం మామలాగా పాడుతోందే అనుకున్నాను. సగం దాటగానే ఆయన రేడియేటర్‌లో నీళ్ళు చూస్తానని దిగిపోయాడు. పాట అయ్యేదాకా బానెట్ వెనక నుంచి రాలేదు. వచ్చాక డిస్కు తీసి నా చేతిలో పెట్టి, "ఇది నీ సొత్తు" అన్నాడు.

ఇంట్లో పెళ్ళికాని పిల్ల లేదు గనక ఆ తర్వాత ఆయనకు అడ్డే లేదు. అత్త ఫోన్ చేసినప్పుడల్లా, "మీ మామ దినామూ ఆ సగం పాటే పాడతా ఉండాడు. తక్కింది నేర్చుకోరాదా అంటే అది పాపది అంటాడు" అనేది. డిస్కు గీతలు పడి మూలపడేలోపు నేను పాట మొత్తం నేర్చుకున్నాను. ఆయన ముందు ఒక్కసారి కూడా పాడలేదు. అడగలేదు గనక పాడలేదు అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. అది సాకేనని ఇప్పుడు తెలుస్తోంది.

నేను పోయేసరికి ఆయనను వసారాలో పడుకోబెట్టారు. వీధి ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఒప్పారి ఎత్తుకున్నారు. చనిపోయినవాళ్ళ గొప్పలు చెప్పి ఏడ్చే ఆ పాటలు నాకు రావు. ఆయన తల దగ్గర కూర్చుని, వాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అప్పగింత రెండో సగం ఎత్తుకున్నాను. ఒక పెద్దామె నా భుజం పట్టుకుని, "సావింట్లో పెండ్లి పాటేంది మే, నిలిపెయ్" అంది.

"పాడనీ వదినా" అంది అత్త. "పాప వాళ్ళమ్మ పోయినాక ఆ సగం ఆయప్ప యాడ ఇన్నాడు."

మొదటి సగం పోయే పిల్లకు చెప్పే బుద్ధులు. రెండో సగం ఉండిపోయే తల్లి పాడుకునేది. నువ్వు తాగి పెట్టిన చెంబు అట్లే ఉంది తల్లీ, దాన్ని కడిగేదానికి నాకు చేతులు రావే తల్లీ అని ఉంటుంది. తల్లీ అని ఉన్నచోటల్లా మామా అని పాడాను. రెండూ రెండక్షరాలే. పాట ఎక్కడా ఆగలేదు.