ఇన్షిరాహ్ హస్తవాసి

కాలువ గట్టు వీధిలో ఎవరి కోడి తుమ్మినా ముందు కబురు వెళ్లేది ఇన్షిరాహ్‌కే. పశువుల డాక్టరుకి కాదు. డాక్టరుకి తెలిస్తే కోళ్లను గోతాల్లో కట్టి పట్టుకుపోతారని వీధిలో ఆడవాళ్లందరికీ గట్టి నమ్మకం. ఇన్షిరాహ్ ఏమీ పట్టుకుపోదు. పొయ్యి మీద రొట్టె ఉన్నా దింపేసి, పాదాలదాకా జారే నల్ల జుబ్బా సవరించుకుంటూ మెట్లెక్కి డాబా మీదికి వచ్చేస్తుంది. రోగమొచ్చిన కోడిని ఒళ్లో పెట్టుకుంటుంది. దాని ముక్కు మీది చీమిడిని తన జుబ్బా చేతి అంచుతోనే తుడుస్తుంది. ఉల్లిపాయ నమిలి దాని ముక్కులోకి ఊదుతుంది. వెల్లుల్లి రెబ్బను నూనెలో ముంచి గొంతులోకి తోస్తుంది. చిల్లిగవ్వ పుచ్చుకోదు. చిక్కటి టీ మాత్రం తాగుతుంది, అదీ ఆ కోడి పక్కనే కూర్చుని.

ఆమె హస్తవాసి మంచిదని పేరు. చెయ్యి పడ్డ కోళ్లలో సగం బతికేవి. పడకపోయినా సగం బతికేవేమో, ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. బతికితే ఇన్షిరాహ్ చేతి చలవ, చస్తే దాని ఆయుష్షు అంతే. ఏ వైద్యుడికైనా ఇంతకన్నా సుఖమైన ఏర్పాటు ఏముంటుంది!

ఆ చలికాలం మాత్రం ఆమె ప్రాణమంతా సొంత డాబా మీదే ఉంది. కూతురు అమానీకి పెళ్లయిన ఎన్నో ఏళ్లకి కడుపు పండింది. పురుడు పుట్టింట్లోనే. బాలింతకి నలభై రోజులూ నాటుకోడి పులుసు పెట్టాలి, ఆ కోళ్లు తల్లి చేత్తో గింజ వేసి పెంచినవై ఉండాలి. "నా కూతురికి కొట్లో ఫారం కోడి కోసి పెట్టానని దాని అత్త నోట వినడం కంటే ఈ కాలువలో దూకడం నయం" అని ఇన్షిరాహ్ వీధి నడుమ నిలబడి ప్రకటించింది. అమానీ అత్తగారు హాజ్జా ఫిక్రియా పక్క ఊళ్లోనే ఉంటుంది. గిన్నె మూత తీసి చూసి, కోడి ఏ జాతిదో ఎముకని బట్టి చెప్పగల మనిషి.

అందుకని ఇన్షిరాహ్ కోళ్లను కంటికి రెప్పలా కాచింది. దిష్టి తగలకుండా పిట్టగోడకి నీలం పూస కట్టింది. ఏ ఆడదాన్నీ తన డాబా ఎక్కనివ్వలేదు, ముఖ్యంగా ఎదురింటి వగీదాని. రంజాను నెలలో వగీదా ఆ కోళ్లను చూసి "అబ్బ, ఎంత బలిశాయే!" అని నోరు జారింది, వెంట దేవుడి పేరు తలవలేదు. మర్నాడే ఒక పెట్టని గద్ద ఎత్తుకుపోయింది. ఇంక సాక్ష్యం ఏం కావాలి? ఆ రోజు నుంచి ఇన్షిరాహ్ వగీదా గుమ్మం తొక్కలేదు, పలకరింపుకి బదులు పలకలేదు.

చలి ముదిరిన తూబా నెలలో పక్కింటి జన్నూబా కోళ్లకి రొంప పట్టింది. కళ్లు వాచి, ముక్కులు కారి, రొమ్ములో గురగుర. ఇన్షిరాహ్ వెళ్లింది, తుడిచింది, ఊదింది, టీ తాగింది. అట్నుంచి అటే తంతి గుమాస్తా ఇంటికి, అక్కడినుంచి రొట్టెలమ్మే ఆవిడ డాబాకి. పరామర్శ అంటే పరామర్శే, మనిషికైనా కోడికైనా. ఒకరింటికి వెళ్లి ఇంకొకరింటికి వెళ్లకపోతే చాడీలు పుడతాయి. వారం తిరిగేసరికి వీధిలో సగం డాబాలు గురకలు పెడుతున్నాయి. ఇన్షిరాహ్‌కి తిండి తినే తీరిక లేదు. "నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లమే!" అన్నారు అందరూ. నిజమే, అది ఎవరూ ఆలోచించలేదు.

ఒక రోజు తన పెట్టల్లోనే రెండు తుమ్మాయి. ఇన్షిరాహ్ వెంటనే కాగితాన్ని మనిషి బొమ్మలా కత్తిరించి, "ఇది వగీదా కంటికి, ఇది వగీదా కంటికి" అంటూ సూదితో పొడిచి, సాంబ్రాణి నిప్పుల మీద కాల్చి, ఆ పొగ కోళ్ల గూటి నిండా పట్టించింది. రొంపతో ఊపిరాడని కోళ్లకి పొగ కూడా తోడైంది.

ఆ మర్నాడే పశువుల ఆసుపత్రి నుంచి ఒక కుర్ర డాక్టరమ్మ వీధిలోకి వచ్చింది. కబురు ఆమె కంటే ముందే వచ్చింది కాబట్టి వీధిలో ఒక్క కోడీ కనిపించలేదు. ఇన్షిరాహ్ తన కోళ్లను మంచం కింద బుట్టల్లో మూసి, పైన దుప్పటి వేలాడదీసి, అతిథికి పుదీనా టీ ఇచ్చింది.

"పిన్నీ, మీకు కోళ్లు లేవా?"

"కోళ్లా? ఆ గోల మాకెందుకు తల్లీ! తినాలనిపిస్తే కొట్లో తెచ్చుకుంటాం."

మంచం కింద ఒక పెట్ట తుమ్మింది.

"బాబాయికి జలుబు చేసినట్టుంది" అంది డాక్టరమ్మ.

భర్త అబ్దుల్ గవ్వాద్ ఎదురుగా కుర్చీలోనే ఉన్నాడు, నోట్లో టీ పెట్టుకుని. ముప్పై ఏళ్ల కాపురం చేసిన మనిషి కాబట్టి, ఆలస్యంగానైనా ఒక తుమ్ము తుమ్మాడు.

డాక్టరమ్మ నవ్వేసింది. "నేను పట్టుకుపోవడానికి రాలేదు పిన్నీ. ఇది ఒకదాన్నించి ఒకదానికి అంటుకునే రొంప. ఎక్కడ మొదలైందో, ఎటు పోతోందో చూద్దామని వచ్చాను. నీకు తెలుసా?"

తెలుసా అని ఇన్షిరాహ్‌ని అడగడమే! ఆమెకి హుషారు వచ్చేసింది. "ముందు జన్నూబా ఇల్లు, నేనే వెళ్లాను. తర్వాత గుమాస్తా ఇల్లు, అక్కడా నేనే. తర్వాత రొట్టెలావిడ. అన్నిటికీ ఈ చేత్తోనే చూశాననుకో."

"జన్నూబా ఇంటికి వెళ్లినప్పుడు గుమాస్తా కోళ్లకి రొంప ఉందా?"

"అబ్బే, ఒకటే కొంచెం నీరసంగా ఉందంటే వెళ్లాను. నేను వెళ్లొచ్చాకే వచ్చింది."

"వీధిలో ఎవరి కోళ్లూ బాగాలేవా?"

"ఎందుకు లేవు, ఆ వగీదావి ఉన్నాయి గుండ్రాళ్లలా! కళ్లు పెట్టేది తనే కదా, తన కోళ్లకి ఏమవుతుంది?"

"ఆవిడ డాబాకి నువ్వు వెళ్లావా?"

"నేనా? దాని మెట్లు తొక్కుతానా!"

డాక్టరమ్మ గ్లాసు కింద పెట్టింది. "జబ్బు చీమిడిలో ఉంటుంది పిన్నీ" అంది మెల్లగా. "చేతులకి, బట్టలకి, చెప్పులకి అంటుకుంటుంది. రోగం ఉన్నవాటిని వేరుగా పెట్టండి. ఒక డాబా మీది మనిషి ఇంకో డాబా ఎక్కకూడదు. బాగైన కోడి కూడా చాన్నాళ్లు అంటిస్తూనే ఉంటుంది."

ఆమె వెళ్లాక ఇన్షిరాహ్ మండిపడింది. "పాలు తాగే పిల్ల! నాకు కోళ్ల గురించి చెబుతుందా?" అబ్దుల్ గవ్వాద్ ఈసారి తుమ్మలేదు. మర్నాడు పొద్దున్నే జుబ్బా ఉతుకుదామని తీస్తే చేతి అంచు గంజి పెట్టినట్టు బిరుసుగా తగిలింది. ఎన్ని డాబాల చీమిడి అది! ఇన్షిరాహ్ ఆ అంచుని పట్టుకుని అలాగే పీట మీద కూర్చుండిపోయింది. తను వెళ్లిన ఇళ్లన్నీ ఒక్కొక్కటిగా కళ్ల ముందు తిరిగాయి. రోగం కూడా అదే వరసలో తిరిగింది. జుబ్బాని మసిలే నీళ్లలో వేసింది, ఎవరికీ చెప్పలేదు.

అప్పటికి చాలా ఆలస్యమైంది. ఆమె కోళ్లలో సగానికి పైగా చచ్చాయి. మిగిలినవి ఈకలు విదుల్చుకుంటూ, ముక్కులు చీదుకుంటూ, ఎముకల గూళ్లలా మిగిలాయి. ఆ వారంలోనే అమానీకి ఆడపిల్ల పుట్టింది. ఏడో రోజు వేడుకకి హాజ్జా ఫిక్రియా వస్తుంది. ఊరంతా గాలించినా జబ్బు తగలని నాటుకోళ్లు ఒక్క ఇంట్లోనే ఉన్నాయి.

ఇన్షిరాహ్ వగీదా గుమ్మం ముందు నిలబడింది. అటూ ఇటూ అరుగుల మీద బియ్యం ఏరుకుంటున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి.

"ఓహో, డాక్టరుగారే! దారి తప్పావా అక్కా?" అంది వగీదా.

"అమానీకి పాప పుట్టింది."

"విన్నాను. చల్లగా ఉండాలి. వీధంతా చెప్పావు, నాకు తప్ప."

"దానికి పులుసు పెట్టాలి వగీదా. నావి పోయాయి. ఒక్క పెట్ట ఇస్తే..."

వగీదా ముఖం విప్పారింది. ఇంతకాలం ఆమె ఎదురు చూసింది ఈ పలకరింపు కోసమే. "ఒకటేం ఖర్మ, ఉన్నవన్నీ నీవే! రా, పైకి రా. నీ చేత్తో నువ్వే ఏరుకో."

"నువ్వే తెచ్చివ్వవే. నేనిక్కడే ఉంటా."

వగీదా ముఖం మాడిపోయింది. "చలికాలమంతా ప్రతి ఇంటి మెట్లూ ఎక్కావు. నా మెట్లకి ఇంకా మైలేనా? నా కన్ను పాపిష్టిదనేగా! పైకొస్తే కోళ్లు, లేకపోతే లేదు. నడు."

ఎక్కేస్తే పోయేది. రాజీ కుదిరేది, కోళ్లు దక్కేవి. పది రోజులకి వగీదా కోళ్లు కూడా గురక పెడితే, అందరివీ పోయాయి, ఇవీ పోయాయి అనుకునేవారు. ఆ సంగతి ఇన్షిరాహ్‌కి బాగా తెలుసు. ఒక కాలు మెట్టు మీద పెట్టింది కూడా. మళ్లీ తీసేసింది.

"నేనెక్కితే నీ కోళ్లూ చస్తాయే" అంది, వీధంతా వినేలా. "నీ కన్ను కాదు. రోగాన్ని ఇంటింటికీ మోసింది నేనే. నా బట్టలతో, నా చేతులతో. నీ ఇంటికి రాలేదు కాబట్టే నీవి బతికాయి. నిన్ను అన్యాయంగా ఆడిపోసుకున్నాను."

వగీదా లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఇన్షిరాహ్ వెనక్కి తిరగబోతుంటే పై నుంచి తాడు కట్టిన బుట్ట ఊగుతూ దిగింది. అందులో కాళ్లు కట్టిన పెట్టలు రెండు.

"బుట్టని ఖాళీగా పైకి పంపితే ఊరుకోను, కబురైనా వేసి పంపు" అని పై నుంచి అరిచింది వగీదా. "పాప ఎవరి పోలిక?"

హాజ్జా ఫిక్రియా గిన్నె మూత తీసి, రుచి చూసి, "మీ కోళ్లేనా?" అంది. "వగీదావి" అంది ఇన్షిరాహ్. అత్తగారి పెదవి విరుపుని కూడా పులుసుతోపాటు మింగేసింది.

వీధి మాత్రం ఆమె చెప్పింది నమ్మలేదు. "పాపం, తన నోటితో తన మీదే నింద వేసుకునేలా చేసింది, చూశావా, ఆ వగీదా కన్ను ఎంత పొడుగో!" అనుకున్నారు. వారం తిరక్కుండా జన్నూబా పరుగున వచ్చి తలుపు కొట్టింది.

"ఇన్షిరాహ్! మిగిలిన ఒక్క పుంజూ గురక పెడుతోందే! ఒక్కసారి వచ్చి చెయ్యి వెయ్యి తల్లీ."

"రాను. దాన్ని వేరుగా మూసిపెట్టు. చేతులు సబ్బుతో కడుక్కో. నువ్వూ ఎవరింటికీ వెళ్లకు."

"నేనేం పాపం చేశానే? నీ చేతిలో వరం పెట్టుకుని..."

"అది బతకాలనే రావట్లేదు జన్నూబా."

"మనవరాలు పుట్టాక పొగరు ఎక్కిందే నీకు!" అని జన్నూబా వెళ్లిపోయింది. సాయంత్రానికి ఆ మాట వీధి చివరిదాకా పాకింది, రొంప కంటే వేగంగా. పిట్టగోడ అవతల పుంజు గురగుర వినిపిస్తూనే ఉంది. ఇన్షిరాహ్ ఖాళీ గూటి పక్కన కూర్చుని, ఆ చప్పుడుకి లేచిపోతున్న చేతుల్ని ఒడిలో అదిమిపట్టుకుని ఏడ్చింది. తన కోళ్లు చచ్చినప్పుడు కూడా ఆమె అంత ఏడవలేదు.