రజియా ఖాలమ్మ, ఆమె మాట్లాడే ఫోను

మొన్న ములుగు బస్సులో నా వెనక సీట్లోంచి ఒక గొంతు వినబడింది. మనిషి గొంతు కాదు, ఫోన్ గొంతు. గుక్క తిప్పుకోకుండా, మాట మీద మాట పడేంత వేగంగా తెర మీద ఉన్నవన్నీ చదువుకుంటూ పోతోంది. తిరిగి చూస్తే, చేతికర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్న ఒక పెద్దాయన, మొహం కిటికీ వైపు పెట్టి, వేలితో ఫోన్‌ను తడుముతున్నాడు. చుట్టుపక్కలవాళ్ళు విసుక్కున్నారు. నాకు మాత్రం బంధువుల గొంతు విన్నట్టు ప్రాణం లేచొచ్చింది. ఆ గొంతుతో కొన్నేళ్ళు కాపురం చేసిన మనిషి మా గోడ పక్కనే ఉండేది మరి.

ఆమె రజియా ఖాలమ్మ, ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. హనుమకొండలో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. మా నాన్నది స్టీలు సామాన్ల దుకాణం, ఆమెది ముందు గదిలో కుట్టుమిషన్. భర్త పోయాక ఆ మిషన్ మీదే కొడుకు యూసుఫ్‌ను పెంచింది. అతను కరెంటు పని నేర్చుకుని, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే తల్లికి టచ్ ఫోన్ కొనిపెట్టాడు. ఇక చూడాలి ఆమె సంబరం. ఫోన్‌లో ఏ మూల ఏముందో తెలుసుకోనిదే ఆమెకు నిద్ర పట్టేది కాదు. తెలిసిందేదైనా నలుగురికీ చెప్పనిదే అన్నం సయించేది కాదు.

జాకెట్ కుట్టించుకుందామని వెళ్ళినవాళ్ళు కొలతలతో పాటు ఒక చిట్కా కూడా పట్టుకుని రావాల్సిందే. కొత్త మెడ డిజైన్‌ను ఫోటో తీసి, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూస్తే కుట్టు ఎటునుంచి ఎటు పోయిందో తెలిసిపోతుందట. టీవీ వైర్లు పీకేముందు ఫోటో తీసుకుంటే మళ్ళీ పెట్టేటప్పుడు తిప్పలుండవట. ఫోన్ నెమ్మదించిందని ఎవరైనా మొత్తుకుంటే, "దాన్ని గూడ జర పండుకోనియ్యమ్మా. బంద్ చేసి మల్ల తియ్యి, తేటగ లేస్తది" అనేది. ఫోన్‌కు నంబరేదో వచ్చింది, బ్యాంకు నుంచని ఎవరో అడుగుతున్నారు, చెప్పనా అని మా అమ్మ ఒకసారి గోడ మీంచి అడిగితే, కత్తెర చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "ఇంటి తాళంచెవి అడిగినోనికల్ల ఇస్తవా చెల్లే? కట్ చెయ్యి ఫోను!"

నేను డిగ్రీలో చేరిన కొత్తలో నాన్న ఒక పాత కంప్యూటర్ తెచ్చాడు. దాన్ని ముట్టుకోవాలంటే నాకు భయం, ఏది నొక్కితే ఏం పాడవుతుందోనని. పైగా అది పిండిగిర్నీలా రొద పెట్టేది. ఖాలమ్మ ఒక మధ్యాహ్నం స్క్రూడ్రైవర్, కుట్టుమిషన్ దులిపే బ్రష్షు పట్టుకుని వచ్చింది. వైరు పీకించి, బ్రష్షు నా చేతికిచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"నాకు రాదు ఖాలమ్మా, నువ్వే చెయ్యి."

"నేన్జేస్తే నాకొస్తది. నీకెట్లొస్తదే?"

రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది. తరువాత చాలాసార్లు చూశాను, ఎవరికి ఏది నేర్పినా ఆమె అలాగే కూర్చునేది. ఎదుటివాళ్ళు తడబడుతుంటే చేతులు ఆగవు కదా, అందుకని కట్టేసుకునేదన్నమాట. ఆ రోజు నేను మరలు తీసి, ఫ్యానుకు పేరుకున్న దుమ్మంతా దులిపి, మళ్ళీ బిగించేసరికి చెమటలు పట్టాయి. కంప్యూటర్ నోరు మూసుకుని పనిచేసింది. ఆ పూటంతా నేను నేల మీద నడిస్తే ఒట్టు.

అన్నీ తెలుసని కాదు, ఆమె చేసిన గందరగోళాలూ తక్కువేం కాదు. ఒకరోజు సెట్టింగుల్లో తిరుగుతూ ఏదో నొక్కేసింది, ఫోన్ మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఎక్కడ ముడితే అక్కడున్నది పైకి చదువుతుంది, తెరవమంటే తెరవదు. జాకెట్లకు వచ్చినవాళ్ళు దయ్యం పట్టిందన్నారు. రిపేరు దుకాణంలో ఇచ్చిరమ్మని యూసుఫ్ అన్నాడు. ఆమె వింటేనా? కుట్టు పక్కన పెట్టి దానితోనే కుస్తీ పట్టి, చివరికి మర్మం కనిపెట్టింది. ఒకసారి ముడితే చెబుతుంది, రెండుసార్లు తడితే చేస్తుంది. చూపు లేనివాళ్ళ కోసం పెట్టిన సౌకర్యమది. దాన్ని ఆపేసి, "మంచిగుందే! కండ్లు లేనోళ్ళకు గూడ ఫోన్ చేసిండ్రు సూడు" అని మురిసిపోయింది.

తరువాత కొన్నాళ్ళకు ఆమె ఇంకో చిట్కా కనిపెట్టింది. సూదిని ఫోన్ కెమెరా ముందు పెట్టి, పెద్దది చేసుకుని దారం ఎక్కించడం. ఆహా అని మేమంతా మెచ్చుకున్నాం. అది చిట్కా కాదు, ఆమె కళ్ళు పోతున్నాయని మాకెవరికీ తట్టలేదు. ఆమె పైకి చెప్పలేదు. గడప తగిలి పడిపోయాక యూసుఫ్ దవాఖానకు తీసుకెళితే, కంటి నరం దెబ్బతిన్నది, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కూడా నిలవడం కష్టమన్నారు. ఏడాది తిరక్కుండానే మిషన్ మీద గుడ్డ కప్పేశారు.

యూసుఫ్ చెడ్డవాడు కాదు. తల్లంటే ప్రాణం. "అమ్మీ, నీకిగ బటన్ ఫోన్ తెస్త. ఒకటి ఒత్తితే నాకే వస్తది. గీ ఫోన్ మా బిడ్డకిద్దాం, సదువుకు పనికొస్తది" అన్నాడు నా ఎదుటే. ఖాలమ్మ ఫోన్‌ను ఒళ్ళోకి లాక్కుంది. ఆ ఫోన్ పోతే ఆమెకు మిగిలేది మంచం, గోడ.

"రంజాన్ పండుగ దాక ఉండనియ్యి యూసుఫూ. అప్పటికి గూడ నాకు దీన్ని నడుపుడు రాకపోతే నువ్వే తీస్కో."

అతను వెళ్ళగానే నా వైపు తిరిగింది. "గా మాట్లాడే ఫోనుండె గదనే. గది మల్ల తియ్యాలె. ఏడున్నదో నేజెప్త, నువ్వు సూడు."

ఆ నెలల్లో రోజూ కాలేజీ నుంచి రాగానే ఆమె దగ్గరే. చూపు లేకుండా ఫోన్ నడపడం అనుకున్నంత సులువు కాదు. యూసుఫ్‌కు చేయబోతే గ్యాస్ ఆఫీసుకు పోయేది. వెనక్కి రాబోతే ఎవరి ఫోటోనో తెరుచుకునేది. ఉండబట్టలేక ఒకసారి నేనే నొక్కబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "నా ఫోన్ల నీ యేలెందుకే?" ఇంకోరోజు ఫోన్ ఒళ్ళో పడేసి ఏడ్చేసింది. "బుద్ధికి తెలుస్తాంది బిడ్డా, యేలికి తెలుస్తలేదు." నేనూ ఏడ్చాను. మర్నాడు వెళ్ళేసరికి తెర వెలుగు పూర్తిగా తగ్గించేసి కూర్చుని ఉంది. "నాకెందుకే లైటు, చార్జింగ్ దండుగ!" అని తనే నవ్వింది. అంత బాధలోనూ చిట్కా కనిపెట్టిందీ మహాతల్లి అనుకున్నాను.

పండుగ ముందు రోజు సాయంత్రం యూసుఫ్ పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో బటన్ ఫోన్ డబ్బా. నేను మంచం పక్కన ఉన్నాను. ఖాలమ్మ అతని అడుగుల చప్పుడు విని సర్దుకుని కూర్చుంది. ఒళ్ళోని ఫోన్ తీసి, నల్లటి తెర మీద వేలు పెట్టి, తల వంచి వినసాగింది. వేలు జరిగింది, ఆగింది, వెనక్కొచ్చింది. రెండుసార్లు తట్టింది. యూసుఫ్ జేబులో ఫోన్ మోగింది.

తీసి చూసుకున్నాడు. ఎదురుగానే తల్లి ఉన్నా, ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. "అమ్మీ..."

"యూసుఫూ, షీర్ ఖుర్మాకు పాలు తక్కువైతయి. ఇంకో రెండు ప్యాకెట్లు పట్కరా."

డబ్బా అక్కడే గూట్లో పెట్టి, గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. ఫోన్ కట్ చేయడం మరిచిపోయాడు పాపం. ఖాలమ్మ ఒళ్ళోని ఫోన్‌లోంచి అతని చెప్పుల చప్పుడు, బజారు సందడి, తరువాత కిరాణా కొట్టతనితో అతనంటున్న మాట మా ఇద్దరికీ వినబడ్డాయి. "రెండు పాలియ్యన్నా. మా అమ్మీ ఫోన్ చేసి చెప్పింది." ఒక్క క్షణమాగి మళ్ళీ అన్నాడు. "తనే చేసింది, ఎవ్వరు కల్పియ్యలే." ఖాలమ్మ కొంగుతో మొహం కప్పుకుంది.

పోయేదాకా ఆ ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. మాట వేగం పెంచుకుంటూ పోయి, చివరికి అదేమంటుందో ఆమెకు తప్ప ఎవరికీ అర్థం కాకుండా చేసింది. పోయిన రంజాన్‌కు ఆమె లేదు.

ఇప్పుడు నేను మడికొండలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. కంప్యూటర్‌తో, ఫోన్‌తో తిప్పలు పడేవాళ్ళు మాకు ఫోన్ చేస్తారు. మా దగ్గర ఒక బటన్ ఉంటుంది. అవతలివాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ తెరను మేమే నడిపించి చిటికెలో పని ముగించవచ్చు. నేను ముందు వాళ్ళనే ఒకసారి ప్రయత్నిస్తారా అని అడుగుతాను. నా కాల్స్ జీడిపాకంలా సాగుతాయని తోటివాళ్ళు వెక్కిరిస్తారు, సాగనీ. పోయిన వారం వర్ధన్నపేట నుంచి ఒక పెద్దావిడ చేసింది. మనవరాలికి ఫోటో పంపడం రావడం లేదట. మెల్లగా, తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ పంపింది. పనైపోయాక కూడా ఫోన్ పెట్టలేదు.

"బిడ్డా, ఇది నేనే చేసిన గదా?" అని అడిగింది.

"మీరే చేసిండ్రమ్మా. నేను ముట్టనే లేదు."

ఆ తరువాతి కాల్ ఎత్తడానికి నాకు కొంచెం సమయం పట్టింది.