మెడలో పడ్డ కండువా

మా వంటింట్లో గిన్నెలు తుడిచే గుడ్డలకు కొదవ లేదు గానీ, ఒక్కటీ నీళ్లు పీల్చదు. తడి గిన్నె మీద రుద్దితే నీళ్లు ఈ పక్క నుంచి ఆ పక్కకు జరుగుతాయి, అంతే. అన్నీ పార్టీ కండువాలే మరి. మణుగూరులో ఏ సభకు వెళ్లినా మెడలో ఒకటి పడుతుంది. ఇంటికి రాగానే అమ్మ దాన్ని వంటింటి మేకుకు తగిలిస్తుంది. అక్కడ అన్ని రంగులూ కలిసిమెలిసి ఉంటాయి. తెచ్చింది చాలావరకు నేనే. డిగ్రీలో రాజనీతిశాస్త్రం చదివినవాణ్ణి, అన్ని పక్షాలూ వినాలి కదా. కొన్ని పక్షాలు బిర్యానీ కూడా పెడతాయి.

నాన్న ఎర్ర కండువా మాత్రం ఆ మేకు దాకా రాలేదు. అది నూలుది. బొగ్గు గనిలో ఫిట్టర్‌గా చేరిన రోజు గేటు దగ్గర యూనియన్ తరఫున ఒక పంపు ఆపరేటర్ ఆయన మెడలో వేశాడట. రిటైరయ్యాక కూడా అది భుజం మీద లేకుండా బజారుకు వెళ్లడు. సిద్ధాంతబలం అంటే ఇదీ అని నేను స్నేహితుల దగ్గర గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

మిగతా విషయాల్లో నాన్నకు అంత బలం లేదు. పెళ్లిలో మూడోసారి వడ్డించడానికి వచ్చినవాణ్ణి కూడా వద్దనలేడు. "పాపం, బకెట్ మోసుకొచ్చిండు" అంటాడు.

పోయిన చలికాలం మా గల్లీ వీధిదీపం పోయింది. పక్కింటతను వేరే పార్టీ మనిషి. "కాకా, మా లీడర్ వస్తున్నడు. స్టేజీ కాడికొచ్చి ఒక్క మాట చెప్పు, లైటు పడతది" అన్నాడు. నాన్న వెళ్లాడు. స్టేజీ ఎక్కి నోరు తెరిచేలోపే లీడర్ ఆయన మెడలో తమ రంగు కండువా కప్పాడు. నాన్న అలవాటు కొద్దీ దండం పెట్టాడు. ఆయన ఇల్లు చేరేసరికి ఫొటో నా ఫోన్లో ఉంది. కింద 'సీనియర్ కార్మిక నేత చేరిక' అని రాశారు. నాన్న నేత అయిన సంగతి మాకు అప్పుడే తెలిసింది.

"అక్కడ్నే తీసెయ్యకపోయినవా నాయినా?" అన్నాను.

"మనిషి ఎదురుంగ నిలబడి ప్రేమగ కప్పిండు. తీసేస్తే ఆయన మొకం ఏం గావాలె?"

అమ్మ ఫొటోను పెద్దది చేసి చూసింది. "ఈ రంగే మంచిగున్నది. ఎరుపుల ఎప్పుడూ జరమొచ్చినట్టు ఉంటడు."

నాన్న నవ్వలేదు. ఆయన బాధ బల్ల గురించి. బస్టాండు దగ్గర టీ హోటల్ ముందు, పొద్దున్నే యూనియన్ పాతకాపులు కూర్చునే బల్ల అది. దాని మీద నాన్నకో చోటుంది. జెండా మార్చినవాళ్లు రోడ్డు అవతలి హోటల్‌కు మారాలి. అక్కడ టీ బాగుంటుంది. అయినా ఎవరూ ఇష్టంగా వెళ్లరు. ఆ పూట నాన్న పెరుగన్నం వద్దన్నాడు. ఆయన దేన్నైనా వద్దనడం మేం వినడం అదే మొదలు.

మర్నాడు పొద్దున ఎర్ర కండువా వేసుకుని, "నువ్వు గూడ రా, ఊకెనే" అన్నాడు. వెళ్లాను.

"లీడర్ సాబ్ వచ్చిండు, కుర్చీ ఎయ్యుండ్రి!" అని బల్ల మీంచి ఒకాయన అరిచాడు.

"దండ ఏదిరా?" అన్నాడు ఇంకొకాయన.

నాన్న నిలబడే ఉన్నాడు. బల్ల నడుమ కూర్చున్నది ఆ పంపు ఆపరేటరే, నాన్నకు మొదటి కండువా వేసినాయన. నాన్న ఆయనకే చెప్పుకున్నాడు. "లైటు కోసం పోయిన అన్నా. మాట చెప్పకముందే మెడల ఏసిన్రు."

"లైటు పడ్డదా?"

"అవ్. నిన్న రాత్రికే పడ్డది."

"అయితే మా గల్లీకి గూడ ఒకపాలి పోయిరా" అని ఆయన పక్కకు జరిగాడు. అందరూ నవ్వారు. బల్ల కిర్రుమంది. నాన్న తన చోట్లో కూర్చున్నాడు. ఎప్పటిలాగే చక్కెర ఎక్కువైన టీ వచ్చింది. రెండు గుక్కలు పడగానే ఆయన ముఖం తేటపడింది. అవతలి హోటల్ వైపు ఒకసారి చూసి, ధైర్యం తెచ్చుకున్నాడు.

"ఎవలు ఎన్ని కప్పినా నేను మనోన్నే అన్నా. మనసుల ఉండాలె గానీ."

పంపు ఆపరేటర్ సాసర్లో టీ ఊదుకున్నాడు.

"మనసు గినసు ఏం లేదు తమ్మీ. గేటు కాడ నేను ముందుగాల ఏసిన. ఇంకోడు ఏసుంటే వానితోనే ఉండెటోనివి."