డిక్కీల బతుకమ్మ, కింద వూఫర్

మొన్న సద్దుల బతుకమ్మ నాడు మా కాలనీ ఆడోళ్లందరి ముంగట నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, వినున్రి. నవ్వుతరని నాకెర్కే. నవ్వున్రి గని, మా ఆమె స్వప్న ముంగట మాత్రం ఈ ముచ్చట తియ్యకున్రి. నేను ఆ ఇంట్లనే ఉండాలె.

నా సంగతి తెల్సు గదా. కరీంనగర్ల ఇల్లు, జమ్మికుంటల ఎరువుల దుకాణం. పొద్దున పోవుడు, పొద్దుగూకినంక వచ్చుడు. దారి పొడుగున కార్ల పాటలే నాకు దోస్తులు. కారుతోటి వచ్చిన కంపెనీ స్టీరియో మంచిగనే మోగుతది. మోగుతది గదా అని ఊకుంటే అయిపోవు. కని దసరా ముందు శ్రీరాంపూర్ల మా తోడల్లుని ఇంటికి పోయినం. ఆయన నన్ను తన కార్ల కూసుండబెట్టి పాట పెట్టిండు. "ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడే అన్నా" అన్నడు. పెట్టిన. లోపల గుండె కొట్టుకుంటుందా, బయట ఎవడన్న డప్పు కొడుతున్నడా తెలుస్తలేదు. డిక్కీ తీసి, గా దడదడ పుట్టిచ్చే వూఫర్ డబ్బ చూపిచ్చిండు. కుళ్లు పుట్టింది నాకు, దాచుడెందుకు.

ఇంటికి రాంగనే మన దిక్కు కార్లల్ల పాటల సెట్లు బిగిచ్చే ఒక షాపుకు పోయిన. షాపాయన స్టీరియో బయటికి గుంజి చూసిండు. "కంపెనీ సెట్టు ఇట్లనే ఉండనియ్ అన్నా. దీని స్పీకర్ వైర్లకెళ్లే సిగ్నల్ తీసి ఆంప్లిఫయర్‌కు ఇస్త. కరెంటు మాత్రం బ్యాటరీ నుంచి సీదా లాగాలె" అన్నడు. ముంగట ఇంజన్ కాన్నుంచి సీట్ల కిందికెళ్లి లావుపాటి ఎర్ర వైరు గుంజిండు. ఆంప్లిఫయర్ సీటు కింద, వూఫర్ డబ్బ డిక్కీల. స్టీరింగ్ పక్కకు చిన్న నాబ్ బిగిచ్చి, "బేస్ దీంతోటి పెంచుకో అన్నా, కని ఆఖరు దాక తిప్పకు" అన్నడు. నాబ్ మంచిగ చూసుకున్న గని, ఆ రెండో మాట నా చెవుల పడలే.

స్వప్న చూసి ఎక్కువ ఏం అనలే. "ఇగ డిక్కీల సామాన్లు యాడ పెట్టాలె?" అన్నది.

"దాని మీదనే పెట్టుకో. బల్ల లెక్క సాపుగ లేదా?" అన్న. గా మాటనే నా కొంప ముంచింది.

ఇగ బతుకమ్మ కాడికి వద్దాం. మా ఎదురింట్ల సుజాత వదిన ఉంటది. ఏటా కాలనీల ఆమె బతుకమ్మనే అన్నిట్లకన్న ఎత్తు. బతుకమ్మ ఆడే గ్రౌండుల దించంగనే అందరు పోయి దాని పక్కన ఫొటోలు దిగుతరు. మా పెండ్లయిన కాన్నుంచి స్వప్నకు మనసుల గదే. పోటీ అని నోటితోటి ఎన్నడు అనలే. ఈ ఏడు మాత్రం అన్నది, "ఈసారి మనదే పెద్దగుండాలె" అని. నన్ను తెల్లారకముందే లేపి ఊరి బయటికి తోలింది. బురదల దిగి గునుగు పువ్వు కోసుకొచ్చిన, ముండ్లు గుచ్చుకుంట తంగేడు తెచ్చిన. నన్ను కన్న మా అవ్వ గునుగుకు రంగులద్దింది. స్వప్న పొద్దటి సంది నడుమెత్తకుంట తాంబాలంల వరుస మీద వరుస పేర్చింది. తంగేడు మీద గునుగు, గునుగు మీద బంతి, మళ్ల తంగేడు. మీద పసుపు గౌరమ్మ, గుమ్మడి పువ్వు. అబద్ధమెందుకు, చూస్తుంటే కండ్లు చాలలే. సుజాత వదినది దీని పక్కన పెడితే పిల్ల బతుకమ్మనే.

అందం ఎంతుందో బరువు గూడ గంతే ఉంది. "నెత్తి మీద గ్రౌండు దాక యాడ మోస్తవ్? కార్ల నేను తెస్త" అన్న. స్వప్న జర అనుమానంగనే చూసింది.

"మెల్లగ తేవాలె. స్పీడ్ బ్రేకర్ల కాడ ఆపి ఎక్కియ్యాలె" అన్నది.

"నువ్వు ఫికర్ చెయ్యకు" అన్న. డిక్కీ మీద మూతలెక్క ఉండే ట్రే తీసేసి, అందరం పట్టి, తాంబాలాన్ని వూఫర్ డబ్బ మీద పెట్టినం. డబ్బ దానికోసమే చేయించినట్టు కుదిరింది. గుమ్మడి పువ్వుకు, కారు కప్పుకు నడుమ రెండు వేళ్ల సందు. "చూసినవా, వూఫర్ పెట్టిచ్చుడు మంచిదైంది" అని గూడ అన్న. స్వప్న, అవ్వ సద్ది గిన్నెలు పట్టుకొని కాలనీ ఆడోళ్లతోటి నడుసుకుంట ముందుగాల పోయిన్రు.

నేనెట్ల తోలిననుకున్నరు? అంతా ఫస్ట్ గేరే. ఒక్క గుంతల టైరు పడనియ్యలే. ఎన్కకెళ్లి ఆటోలోళ్లు హారన్లు కొట్టిన్రు, తిట్టిన్రు. "పోన్రి, పోన్రి" అని చెయ్యి ఊపిన. అట్లనే పోయి దించితే ఇయ్యాల మీకు చెప్పేతందుకు ముచ్చటే లేకపోవు. కని గ్రౌండు మలుపు కాడికి రాంగనే నాకొక ఆలోచన వచ్చింది. గంత పెద్ద బతుకమ్మ వస్తుంటే సప్పుడు లేకుంట వస్తదా? బతుకమ్మ పాట పెట్టిన. మామూలుది గాదు, డీజేది. నాబ్ సగం తిప్పిన. రోడ్డు మీదోళ్లు తిరిగి చూసిన్రు. చూస్తున్నరు గదా అని ఆఖరు దాక తిప్పిన. అద్దాలు గల్లుమన్నయ్. ముంగటి చిన్న అద్దం ఎంత వణికిందంటే, అండ్ల ఎన్కది ఏం కనవడలే. అది గూడ నాకు గొప్పగనే అనిపిచ్చింది. గేటు కాడ బండ్లు అడ్డమున్నయ్. పాట మొత్తం అయిపోయి ఇంకో పాట అందుకునేదాక ఆడనే నిలవడ్డ.

లోపల స్వప్న ఎదురు చూస్తుంది. పక్కపొంటి సుజాత వదిన, చుట్టు కాలనీ మొత్తం. ఫోన్లు తీసి ఫొటోలకు తయారుగున్నరు. నేను పాట బంద్ చేసి, దిగి, కాలర్ సర్దుకొని, డిక్కీ లేపిన.

ముందుగాల బంతి పూలు దొర్లుకుంట వచ్చి నా కాళ్ల మీద పడ్డయ్. వాటెన్క గునుగు రాలింది. తాంబాలం డబ్బ అంచుకు జరిగి ఉంది. దాని మీద బతుకమ్మ లేదు, జమ్మికుంట మార్కెట్ల పత్తి పోసినట్టు ఒక పూల కుప్ప ఉంది. గౌరమ్మ మాత్రం ఒక మూలకు పదిలంగ కూసున్నది.

స్వప్న కుప్ప దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.

"మెల్లగనే తెచ్చిన. ఒక్క గుంతల పడలే" అన్న.

మా అవ్వ అందుకున్నది. "గుంతల ఏసినా నయముండు కొడుకా. గా సప్పుడుకు ఈడ మా ఛాతీలే అదిరినయ్, పూలు ఆగుతయా?"

స్వప్న కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. గప్పుడు నాకు నిజంగనే పాణం చివుక్కుమన్నది. తిట్టినా మంచిగుండు.

ముందుగాల వంగింది ఎవరనుకున్నరు? సుజాత వదిననే. కొంగు నడుముకు చెక్కి, "పూలు నలగలే స్వప్నా, కూసో" అన్నది. నలుగురు కూసుండి మళ్ల పేర్చిన్రు. గునుగు కాడలు సగం ఇరిగినయ్, ఈసారి బతుకమ్మ మోకాళ్ల ఎత్తు గూడ రాలే. నేను పూలు అందియ్యవోతే ఒక ముసలమ్మ నా చెయ్యి పక్కకు నెట్టి, "నువ్వు ముట్టకు బిడ్డా" అన్నది. ఏదన్న పనికొద్దామని, "పాటలన్న పెట్టాల్నా?" అని అడిగిన. అందరు ఒక్కసారే వద్దన్నరు. మా కాలనీ ఇంత కలిసికట్టుగ ఎన్నడు మాట్లాడలే. వాళ్లే చప్పట్లు కొట్టుకుంట పాడుకున్నరు. స్వప్న గూడ ఆడింది గని, నా దిక్కు మాత్రం చూడలే.

నీళ్లల్ల ఇడిసే యాళ్లకు కార్ల రమ్మంటే ఒక్కరు ఎక్కలే. బతుకమ్మలు నెత్తిన పెట్టుకొని మానేరు ఒడ్డు దాక నడిచిన్రు. నేను లైట్లు ఏసుకొని, సప్పుడు చెయ్యకుంట ఎన్కనే తోలుకుంట పోయిన. ఒడ్డు కాడ చెప్పులు యాడ ఇడువాలె అని అందరు పరేషాన్. మా అవ్వ కారు చూపిచ్చింది. డిక్కీ లేపిన. ఒకరెన్క ఒకరు వచ్చి వూఫర్ డబ్బ మీద చెప్పులు పెట్టి పోయిన్రు. ఆఖరుకు స్వప్న వచ్చింది. చెప్పులు ఇడిసి, జతగ చేసి, డబ్బ నడుమ పెట్టింది. డిక్కీ తీసిన కాన్నుంచి నాతోటి మాట్లాడుడు గప్పుడే.

"గివన్న కదలకుంట చూసుకో" అన్నది.

చూసుకున్న. వాళ్లు తిరిగొచ్చేదాక కారు తాళం జేబుల ఏసుకొని, డిక్కీ కాడనే చెప్పులకు కావలి నిలవడ్డ.